సందు

జాకెట్టు గుడ్డ కొలిచి మరీ ఇస్తారు.
మిగిలింది ఏదని అడుగుతారు.
"మిగల్లేదమ్మా, చంకపట్టీకి సరిపోయింది" అంటాను.
అబద్ధం.
మిషను కింద, చెప్పుల డబ్బాలో
మిగిలిన వాళ్లంతా ఉంటారు.

చిట్టినగర్ కొండ మీద
నూట పన్నెండో మెట్టు పక్కన నా షాపు.
షాపంటే తలుపున్న వరండా.
పగలు జాకెట్లు, ఫాల్సులు, స్కూలు నిక్కర్ల జిప్పులు.
రాత్రి పదయ్యాక, కుళాయి వచ్చేలోపు,
నాకోసం నేను కుట్టుకునే బొంత.

అతుకుల బొంత అని పేపర్లో తిట్టులా రాస్తారు.
ఒక్క అతుకు వేసి చూడమనండి.
నాలుగు ముక్కల మూలలు ఒక్క చుక్కలో కలవాలి.
గోరంత తప్పితే
ఆ తప్పు అంచుదాకా నడుచుకుంటూ పోతుంది.

డిజైన్లు ఎక్కడివంటే ఏం చెప్పను?
సైదాబీ వాళ్ల వరండాలో నలుపు తెలుపు పలకలు,
ఒకటి పగిలితే సిమెంటు పూశారు.
ఆ సిమెంటూ కుట్టాను, బూడిదరంగు లైనింగుతో.
గుంటూరు పెళ్లికి పోతూ బస్సులోంచి చూశాను
ఎండకు పరిచిన మిరప,
ఎర్రటి మళ్ల మధ్య తాలుకాయల పాలిపోయిన మడి ఒకటి.
టికెట్టు వెనక గీసుకుంటుంటే
పక్క సీటాయన తుమ్ముతూ కిటికీ మూయమన్నాడు.
స్టేషన్లో పట్టాలు కలిసే చోటు మాత్రం
మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాను.
ఇనుము వంగినంత తేలిగ్గా పాప్లిన్ వంగదు.

అన్నిటికంటే పెద్ద నమూనా ఈ కొండే.
సాయంత్రం సొరంగం దగ్గర ఆటో దిగి తలెత్తితే
ఒకరి కప్పు మీద ఒకరి గుమ్మం,
నీలం మీద గులాబి, దాని మీద సున్నం పడని ఇటుక,
ఎక్కడో ఒక్క ఆకుపచ్చ తలుపు.
ఎక్కడా ఖాళీ లేదు.
అలాగే కుట్టాను.
ఏడాదిన్నర పట్టింది.

పోయిన ఆదివారం పిట్టగోడ మీద ఆరేశాను.
బిందెతో ఎక్కుతున్న సాంబ్రాజ్యం ఆగింది.
వేలు సరిగ్గా దాని మీదే పెట్టింది,
వంకాయరంగు, జరీ చుక్క.
"ఇది నాదేగా?"
పంటి కింద సూది మింగినంత పనైంది నాకు.
బిందె దించింది. ఇంకా వంగి చూసింది.
"ఈ పక్కన చిలకాకుపచ్చ ఎవరిది?"
నేను చెప్పలేదు. ఆమెకు తెలుసు.
తోడికోడలు విమలకుమారిది.
పైపు దగ్గర మొదలైన తగువు,
మూడేళ్లుగా గోడకు అటూ ఇటూ మాటల్లేవు.
"దొంగతనం సరే,
దాని పక్కన నన్నెందుకు కుట్టావే?"

విప్పమంది.
విప్పితే పద్నాలుగు ముక్కలు కదులుతాయన్నాను.
సైదాబీ, ఏసుమణి, బడిపిల్లల నిక్కర్లు,
కిందింటి మిలట్రీ ఆయన పోయాక
వాళ్లావిడ తెచ్చిచ్చిన చొక్కా కాలరు.
ఆ ఒక్క కుట్టునే చాలాసేపు చూసింది.
బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది, ఏమీ అనకుండా.
ఏమీ అనకపోవడం ఆమెకు అలవాటు లేదు.

మర్నాడు మిషను మీద పీలిక ఒకటి విసిరింది.
పాత లంగా అంచు, పసుపు,
రెండు వేళ్ల వెడల్పు.
"మధ్యలో ఇది వెయ్యి.
ఇద్దరిళ్ల మధ్య
చీపురు పట్టేంత సందైనా ఉండాలి గదా."

ఏడాదిన్నరగా నా బొంతకు
ఎందుకు ఊపిరాడలేదో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు బ్లేడు పట్టుకుని
కొండ మొత్తం విప్పుతున్నాను, ఇల్లిల్లూ.
పద్నాలుగు కాదు, మూడొందల ఎనిమిది.
ప్రతి రెండు ముక్కలకూ ఒక సందు కావాలి,
ఏ రంగైనా సరే, రెండు వేళ్లు చాలు.
ఈసారి గుమ్మం గుమ్మానికీ వెళ్లి
అడిగి తెచ్చుకుంటున్నాను.
విమలకుమారిని
ఇంకా అడగలేదు.